చిత్తూరు నుంచి కిసుముకు 2 ఏళ్ల మిషనరీ సేవ: అక్కడ రోజు ఎట్లా గడుస్తుంది, ఇక్కడ ముందుగా ఏం చక్కబెట్టుకోవాలి?

గ్రీమ్స్‌పేట_అక్క
అందరికీ వందనాలు. మా తమ్ముడికి 23 ఏళ్లు, బీకాం అయిపోయింది. సంఘం తరఫున కెన్యాలోని కిసుముకు 2 ఏళ్ల సేవకు పంపాలని చూస్తున్నారు. అక్కడి సంఘం నుంచి పిలుపు ఉత్తరం కూడా వచ్చింది. ఇంట్లో అందరి ప్రశ్న ఒకటే: పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తాడు, ఏం తింటాడు, జ్వరమొస్తే ఏం చేయాలి? ‘ప్రార్థిస్తాం’ అన్నవాళ్లందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మాకు కావలసింది కాగితాలు, లెక్కలు, మందుల సంగతి. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

పాకాల_ప్యాసింజర్
అక్కా, అన్నిటికంటే ముందు పర్మిట్. మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు, ఇది ఒక్కటి తప్పితే తమ్ముడు విమానాశ్రయం నుంచే వెనక్కి రావాల్సి ఉంటుంది. కెన్యాలో మత, ధర్మ సంస్థల తరఫున పనిచేసే విదేశీయులకు ‘క్లాస్ ఐ’ అనే పర్మిట్ ఉంది. దానికి దరఖాస్తు పెట్టాల్సింది మీరు కాదు, పిలిచిన సంఘం. ఆ సంఘం అక్కడ చట్టప్రకారం రిజిస్టరు అయి ఉండాలి. పిలుపు ఉత్తరం మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా లేదా ఇవాళే చూడండి. లేకపోతే రిజిస్ట్రేషన్ పత్రం కాపీ అడగండి. ఇవ్వడానికి నసుగుతున్నారంటే అక్కడే ఆగిపోవడం మంచిది.

నగరి_నేత
ఇంత తతంగం ఎందుకన్నా? టూరిస్టుగా పోయి, ఆడ దిగినాక మార్చుకుంటే పోలా? శానామంది అట్లే పోతా ఉండారు కదా.

పాకాల_ప్యాసింజర్
2024 జనవరి నుంచి కెన్యా పాత వీసా తీసేసి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది. అది చూసి రావడానికి, చుట్టాలను కలవడానికి. దాని మీద పోయి సంఘంలో బోధించినా, బడిలో పాఠం చెప్పినా ‘జీతం తీసుకోలేదు కదా’ అంటే కుదరదు. జీతం లేని పని కూడా పనే. పట్టుబడితే తమ్ముడిని పంపేయడమే కాదు, పిలిచిన స్థానిక పాస్టరు గారి మెడకు చుట్టుకుంటుంది. పర్మిట్ రావడానికి నెలలు పట్టవచ్చు. ఈలోపు కొద్దికాలానికి ‘స్పెషల్ పాస్’ అని ఇస్తారు, దానికీ ఆ సంఘమే దరఖాస్తు పెట్టాలి. పర్మిట్ చేతికొచ్చాక విదేశీయుల గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఊర్లో పోలీసులు ఆపితే చూపించేది అదే.

ఇక్కడ చేయాల్సినవి: పాస్‌పోర్టుకు 2 ఏళ్ల సేవ అయిపోయాక కూడా కనీసం 6 నెలల గడువు మిగలాలి. తక్కువుంటే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందే కొత్తది చేయించండి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్‌ను టౌన్ స్టేషన్‌లో రాయించుకుని వస్తారు కొందరు. అది చెల్లదు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లోనే, ఏ దేశానికో పేరు పెట్టి దరఖాస్తు చేయాలి. డిగ్రీ, పదో తరగతి సర్టిఫికెట్లలో ఇంటిపేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. మన వైపు ఎక్కువగా ఇక్కడే బెడిసికొడుతుంది. బాప్తిస్మం తర్వాత పేరు మార్చుకుని, ఆధార్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే ముందు గెజెట్‌లో పేరు మార్పు వేయించే పని చూసుకోండి.

రేణిగుంట_రాత్రిబండి
ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. మన దేశం నుంచి నేరుగా పోయేవాళ్లను కెన్యా ఆ సర్టిఫికెట్ అడగదు. అందుకే చాలామంది వేయించుకోకుండా పోతారు. చిక్కు తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో మన ప్రభుత్వం కెన్యాను పెట్టింది. సర్టిఫికెట్ లేకుండా దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇంట్లో ఏదన్నా జరిగి ఉన్నపళంగా రావాల్సి వస్తే ఆ 6 రోజులు ఎంత బాధో చెప్పక్కర్లేదు.

టీకా ఒక్క డోసే. వేసుకున్న 10 రోజుల తర్వాత సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలవుతుంది, 2016 నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. మనకు దగ్గరిది చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టు ఒరిజినల్‌తో పోవాలి. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకం మీద పాస్‌పోర్టు నంబరు సరిగా రాశారా, ముద్ర పడిందా అని బల్ల దగ్గరే చూసుకోండి.

మదనపల్లె_టమాటా
మలేరియా గురించి నేను చెప్తా, ఎందుకంటే నైరోబీ వేరు, కిసుము వేరు. నైరోబీ ఎత్తు మీద ఉంది, ప్రమాదం తక్కువ. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డు. ఏడాది పొడుగునా మలేరియా ఉంటుంది. అదీ ఫాల్సిపారం రకం, చూస్తుండగానే ముదిరిపోతుంది.

మన ఊర్లో మందుల షాపులో క్లోరోక్విన్ ఇచ్చి పంపిస్తారు. అక్కడి మలేరియాకు అది పనిచేయదు. ముందు జాగ్రత్తకు డాక్టర్లు రాసేవి మూడు రకాలు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, ప్రయాణానికి 1-2 రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలాక 4 వారాలు వాడాలి. మెఫ్లోక్విన్ వారానికొకటి, కానీ మనోవ్యాధి చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వరు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజుకొకటి, వదిలాక 7 రోజులు. 2 ఏళ్లకు ఏది సరిపోతుందో డాక్టరు తేల్చాలి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ గంట దూరం, ఈ మాట అక్కడే అడగండి.

డాక్సీ వేసుకునేవాళ్లు నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకూడదు. లేకపోతే ఆహారనాళంలో పుండు పడుతుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా. మాత్ర వేసుకున్నా దోమతెర తప్పదు. మందు పూసిన తెర కొని, అంచులు పరుపు కిందికి దోపాలి. వేలాడదీసి వదిలేస్తే తెర ఉన్నా లేనట్టే.

జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష. ‘ప్రయాణం బడలిక, రేపు చూద్దాం’ అనకూడదు. ఇంకో సంగతి: తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా ఇక్కడి డాక్టరుకు ‘కెన్యా నుంచి వచ్చాను’ అని మొదటి మాటగా చెప్పాలి.

సరస్సులో దిగి స్నానం చేయడం, బట్టలు ఉతకడం వద్దు. బిల్‌హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు చర్మంలో నుంచే ఎక్కుతుంది. చెప్పులు లేకుండా మట్టి నేల మీద తిరగకూడదు, జిగ్గర్ పురుగు గోళ్ల కింద దూరుతుంది.

గ్రీమ్స్‌పేట_అక్క
ఇవన్నీ రాసుకుంటున్నా. మరి రోజు మొత్తం ఏం చేస్తాడు? మా అమ్మ అయితే వీడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైకు పట్టుకుని వాక్యం చెప్తాడనే అనుకుంటోంది.

కరకంబాడి_రోడ్డు
అమ్మగారికి చెప్పండి, మొదటి 6 నెలలు మైకు జోలికి పోనీయకపోవడమే మంచి సంఘానికి గుర్తు. కెన్యా జనాభాలో ఎక్కువమంది క్రైస్తవులే. అక్కడ పాస్టర్లకు కొదవ లేదు. కాబట్టి తమ్ముడు స్థానిక పాస్టరు కింద నేర్చుకుంటూ, ఆయన చెప్పిన పని చేసే కుర్రవాడు. ఈ ఒక్కటి ఇక్కడి సంఘానికి, ఇంట్లోవాళ్లకు ముందే అర్థమైతే సగం తలనొప్పి తగ్గుతుంది.

మామూలు రోజు దాదాపు ఇట్లా ఉంటుంది. 5:30కి లేవడం, వాక్యం, ప్రార్థన. తర్వాత నీళ్లు. చాలా ఇళ్లకు కొళాయి రోజూ రాదు. 20 లీటర్ల పసుపు జెర్రీక్యాన్ల లెక్క. ఇద్దరుండే ఇంటికి రోజుకు 2 నుంచి 3 క్యాన్లు, అందులో తాగే నీళ్లు విడిగా మరిగించాలి. పైకి తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు, మూత ఉన్న గిన్నెలోకే వంపాలి. 8 నుంచి 12 దాకా భాష తరగతి. మధ్యాహ్నం వంట, అంట్లు, చేత్తో బట్టలు. ఉతికిన బట్టలు నేల మీదో గడ్డి మీదో ఆరేస్తే ఒకరకం ఈగ గుడ్లు పెడుతుంది, కాబట్టి తీగ మీదే ఆరేసి, ఇస్త్రీ చేసి తొడుక్కోవాలి. 3 తర్వాత ఇళ్లు తిరగడం, ఆసుపత్రి పరామర్శ, పిల్లలకు ట్యూషను, యువజన సహవాసం, ఏది అప్పజెబితే అది. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాదంతా 6:30-7 మధ్య చీకటి పడుతుంది. అప్పటికి ఇల్లు చేరాలి. రాత్రి లెక్కలు రాయడం, రేపటి పాఠం.

వారానికి ఒక రోజు పూర్తి సెలవు పట్టుబట్టి తీసుకోవాలి. ఆదివారం సెలవు కాదు, అది అన్నిటికంటే పెద్ద పనిరోజు. ఆరాధన 3 గంటలు దాటడం మామూలే.

శ్రీకాళహస్తి_శ్రోత
అన్ని సంస్థల పద్ధతీ ఒకటి కాదు బ్రదర్. మోర్మన్ సంఘంలో అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు, ఎప్పుడూ జంటగానే తిరగాలి, ఇంటికి ఫోను వారానికొకసారి. వైడబ్ల్యూఏఎం (యూత్ విత్ ఎ మిషన్) అనే మిషనరీ సంస్థ వాళ్ల శిక్షణ కొన్ని నెలలే: మొదట తరగతులు, తర్వాత క్షేత్రం. సంఘం నేరుగా పంపేటప్పుడు ఇవేవీ రాసి ఉండవు. అందుకే రాయించుకోవాలి: పని ఎవరు అప్పగిస్తారు, సెలవు ఎప్పుడు, గొడవ వస్తే ఎవరికి చెప్పుకోవాలి, మధ్యలో తిరిగి రావాల్సి వస్తే టికెట్టు ఎవరిది. ఒక పేజీ చాలు. రెండు సంఘాల పెద్దలూ సంతకం పెట్టాలి.

మదనపల్లె_టమాటా
భాష కూడా ఏది నేర్చుకోవాలో ముందే అడగండి. కిసుము టౌన్లో స్వాహిలి, ఇంగ్లీషు నడుస్తాయి. ఊర్లలో పెద్దవాళ్లు మాట్లాడేది ధోలువో. స్వాహిలి మాత్రమే నేర్చుకుని పోతే ముసలమ్మల దగ్గర ఇంకొకరి సాయం కావాల్సిందే. ముందు స్వాహిలి గట్టిపడనిచ్చి, ధోలువోలో పలకరింపులు నేర్చుకుంటే మేలు: పొద్దున ‘ఒయావొరె’, కృతజ్ఞతకు ‘ఎరొకమానొ’.

స్వాహిలి మన నాలుకకు తేలిక. మాటలు అచ్చులతో ముగుస్తాయి, రాసినట్టే చదవాలి. కష్టమంతా ముందు చేరే ముక్కల్లో ఉంది. ‘నినసోమ’ చదువుతున్నాను, ‘నిలిసోమ’ చదివాను, ‘నితసోమ’ చదువుతాను. మనం చివర తగిలించేది వాళ్లు ముందు తగిలిస్తారు. రోజుకు 15 మాటలు, వాటితో 15 వాక్యాలు గట్టిగా చెప్పడం. మాటల జాబితా బట్టీ పడితే సంతలో నోరు పెగలదు. మదనపల్లెలో 1863లో మకాం పెట్టిన అమెరికా మిషనరీ జేకబ్ చేంబర్లేన్ తెలుగు పట్టు చిక్కించుకున్నాకే జనం మధ్య నిలదొక్కుకున్నాడు. మనవాళ్లు మాత్రం ‘ఇంగ్లీషు వచ్చు కదా’ అని పోతారు!

కరకంబాడి_రోడ్డు
గడియారం లెక్క కూడా. స్వాహిలి గంటలు సూర్యోదయం నుంచి మొదలు. మన ఉదయం 7 వాళ్లకు ‘సా మోజ’, అంటే ఒకటో గంట. 9 అంటే ‘సా తాతు’, మూడో గంట. మధ్యాహ్నం 12 ‘సా సీత’, ఆరో గంట. మూడో గంటకు ఆరాధన అంటే మధ్యాహ్నం 3కి పోయేవాళ్లున్నారు. ఇంగ్లీషులో చెప్తే మామూలు లెక్క, స్వాహిలిలో చెప్తే ఈ లెక్క. ఇంటికి ఫోను చేసేటప్పుడు మనకంటే వాళ్లు రెండున్నర గంటలు వెనక.

మనం ఊ కొట్టేటప్పుడు తల అటూ ఇటూ ఆడిస్తాం చూడండి, దాన్ని అక్కడ ‘కాదు’ అనో, ‘తేల్చడం లేదు’ అనో అనుకుంటారు. అవునంటే పైకీ కిందికీ ఊపి, నోటితో కూడా చెప్పాలి.

నగరి_నేత
తిండి సంగతి చెప్పండప్పా! పిల్లోడు ఊరిబిండి లేకపోతే ముద్ద దిగదంటాడంట.

పాకాల_ప్యాసింజర్
చిత్తూరోడికి తిండి బెంగ అక్కర్లేదు. వాళ్ల ఉగాలి మన సంగటి మాదిరే, రాగిపిండికి బదులు తెల్ల మొక్కజొన్న పిండి, అంతే తేడా. రెండు గ్లాసుల నీళ్లు బాగా తెర్లినాక ఒకటిన్నర గ్లాసు పిండి కొద్దికొద్దిగా పోస్తూ చెక్క గరిటెతో గట్టిగా తిప్పాలి, సన్న సెగ మీద 8-10 నిమిషాలు. పిండి ఒకేసారి కుమ్మరిస్తే లోపల పచ్చి ఉండలు మిగిలి కడుపునొప్పి. దాంట్లోకి సుకుమ వికి అనే ఆకుకూర, సరస్సు చేప, ఒమెనా అనే ఎండు చిన్నచేపలు. పెసలు ‘న్‌దెంగు’ పేరుతో ప్రతి సంతలో దొరుకుతాయి. చపాతీ, పాలటీ అయితే ఎప్పుడో వాళ్లవే అయిపోయినాయి. వేరుశెనగలకు కొదవ లేదు, ఎండుమిరపకాయలు పట్టుకుపోతే ఊరిబిండి అక్కడే నూరుకోవచ్చు.

ప్రెషర్ కుక్కర్ తీసుకుపోండి. దాంతోపాటు 2 గాస్కెట్లు, 2 సేఫ్టీ వాల్వులు విడిగా. కుక్కర్ ఎక్కడైనా కొనొచ్చు, మన కంపెనీ గాస్కెట్ కొలత అక్కడ దొరకడం కష్టం. గ్యాసు అక్కడ 6 కిలోలు, 13 కిలోల సిలిండర్లు, రెగ్యులేటర్ మన రకం కాదు, ఇక్కడి నుంచి మోసుకుపోవద్దు. కరెంటు 240 వోల్టులే, కానీ ప్లగ్గుకు మూడు చదరపు కాళ్లు, అడాప్టర్లు 2 కావాలి. మీటరు ప్రీపెయిడ్. డబ్బు కట్టాక వచ్చే 20 అంకెల నంబరు మీటర్లో కొట్టాలి.

రేణిగుంట_రాత్రిబండి
సర్దేటప్పుడు ఒకటి! 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. ఉత్తుత్తి నిషేధం కాదు, పెద్ద జరిమానా, జైలు కూడా ఉన్నాయి. అమ్మలు పచ్చడి సీసాలకు నాలుగు కవర్లు చుట్టి పంపుతారు. గుడ్డసంచులు, మూత బిగిసే డబ్బాలు వాడండి.

శ్రీకాళహస్తి_శ్రోత
డబ్బు సంగతి. ఒక్కో ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకానే తీసుకుపోనిస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో. నోట్లు కొత్తవి, గీతలు, మడతలు లేనివి అడిగి తీసుకోండి. పాత సంవత్సరాల డాలర్ నోట్లను తూర్పు ఆఫ్రికాలో తీసుకోరు, చిన్న నోట్లకు రేటు తక్కువ.

అక్కడ రోజువారీ ఖర్చంతా ఫోన్లోనే, ఎం-పెసా అనే చెల్లింపు సేవతో. 2007లో మొదలైంది, కూరగాయల అవ్వ దగ్గర కూడా ఉంటుంది. సిమ్ కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి తన పేరు మీదే రిజిస్టరు చేయించుకోవాలి. వేరేవాళ్ల పేరున సిమ్ వాడితే డబ్బంతా వాళ్లదే అవుతుంది. ‘పొరపాటున మీకు డబ్బు పంపాను, వెనక్కి పంపండి’ అని సందేశం వస్తే ముందు బ్యాలెన్సు చూడాలి. చాలావరకు ఆ సందేశమే దొంగది. నిజంగా వచ్చినా తాను పంపకూడదు, కంపెనీ ద్వారానే తిప్పించాలి.

ఇక్కడి బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్‌కు రోమింగ్ పెట్టించి, రీచార్జి గడువు దాటకుండా ఇంట్లో ఒకరు చూసుకోవాలి. 2 ఏళ్లకు పోతున్నాడు కాబట్టి పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతాగా) మార్చాలా అని బ్యాంకులో అడగండి. సంఘం పెద్దలకు నా మాట: నెల ఖర్చుతో పాటు తిరుగు టికెట్టు, 3 నెలల ఖర్చు ముట్టుకోకుండా విడిగా పెట్టాకే పంపండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు కొన్ని నెలలకే, 2 ఏళ్లకు వేరే ఆరోగ్య పాలసీ కావాలి. అందులో మోటారు సైకిల్ ప్రమాదం కలిసి ఉందా చదవండి. అక్కడ బోడా బోడా అనే బైకు ట్యాక్సీ ఎక్కకుండా పని నడవదు, కొన్ని పాలసీలు దానికి డబ్బివ్వవు. ఊరి నుంచి నైరోబీ ఆసుపత్రికి విమానంలో తరలించడానికి ఆమ్‌రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఉంది, ఏడాది సభ్యత్వం తీసుకోవచ్చు.

అలిపిరి_మెట్టు
నేను క్రైస్తవుణ్ణి కాదు. అడుగుతున్నానని ఏమీ అనుకోవద్దు, పరాయి దేశం పోయి మతం చెప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుందా? మన తిరుమల కొండ మీదే ఇతర మత ప్రచారం కూడదని 2007లో చట్టం చేశారు కదా.

కరకంబాడి_రోడ్డు
సరైన ప్రశ్నే సార్, ప్రతి దేశానికీ అడగాల్సిందే. నేపాల్‌లో మతం మార్చడం నేరం, 5 ఏళ్ల దాకా జైలు, విదేశీయుడైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. వీసా అక్కర్లేని దేశం కదా అని మన కుర్రాళ్లు కరపత్రాలతో పోయేది అక్కడికే, అది పెద్ద ముప్పు. కెన్యా రాజ్యాంగం మత స్వేచ్ఛ ఇస్తుంది. అయితే 2023లో షాకహోలాలో ఒక బోధకుడి మాట విని ఉపవాసంతో వందలమంది చనిపోయారు. అప్పటి నుంచి కొత్త ప్రార్థన గుంపులంటే పోలీసులకూ, ఊరివాళ్లకూ అనుమానం. మన సంఘాల్లో 3 రోజులు, 7 రోజులు ఉపవాస ప్రార్థనలు పెట్టడం అలవాటు. తమ్ముడు అక్కడ సొంతంగా అట్లాంటివి మొదలుపెట్టకూడదు. పాస్టరు గారి సంఘం పేరున, ఆయన ఉన్నప్పుడే. జబ్బుపడ్డవాళ్లకు ప్రార్థన చేసినా, మందు మానమని ఎన్నడూ అనకూడదు.

మదనపల్లె_టమాటా
ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. అక్కడ మనవాణ్ణి చూడగానే మిషనరీ అనుకోరు, ‘ముహిందీ’ అంటారు. 1896 నుంచి 1901 దాకా అక్కడి రైలుమార్గం వేయడానికి మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలను తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన వ్యాపారుల అంగళ్లు ఊరూరా ఉన్నాయి. అందుకని ముహిందీ అంటే అంగడి యజమాని, డబ్బున్నవాడు, పనిమనిషిని గదమాయించేవాడు. మొదటి వారంలోనే ఫీజు కట్టమని, అప్పు ఇమ్మని అడుగుతారు. విడిగా ఎవరికీ ఇవ్వకుండా, ఇచ్చేదేదైనా సంఘం పెద్దల చేతుల మీదుగా, రసీదుతో ఇవ్వాలి. ఒకరికి 500 షిల్లింగులు ఇచ్చి ఇంకొకరికి లేదంటే పలకరింపు కూడా ఆగిపోతుంది. అంట్లు తానే తోముకోవడం, నీళ్లు తానే మోసుకోవడం ఊరంతా చూస్తుంది. ఆ ముద్ర అట్లాగే చెరిగిపోతుంది, ప్రసంగంతో కాదు.

శ్రీకాళహస్తి_శ్రోత
నెలనెలా పంపే ప్రార్థన ఉత్తరం ఒక పేజీ దాటకూడదు: చేసిన పని, వచ్చే నెల పని, ఖర్చు, ప్రార్థన అంశాలు. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వద్దు. కెన్యాలో 2019 నుంచి వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ఉంది. ‘పేద పిల్లలు’ అని రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫోటో తిరిగి తిరిగి ఆ ఊరికే చేరుతుంది.

గ్రీమ్స్‌పేట_అక్క
ఉత్తరం తీసి చూశాం. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. కాపీ పంపమని పాస్టరు గారు మెయిల్ పెట్టారు. ఈలోపు టీకా వేయించేయమంటారా, పర్మిట్ వచ్చేదాకా ఆగమంటారా?

రేణిగుంట_రాత్రిబండి
టీకా ఇప్పుడే వేయించండమ్మా, గడువు అయిపోయే భయం లేదు. పోలీసు క్లియరెన్సుకు మాత్రం తొందరపడొద్దు, దానికి గడువుంటుంది. కాపీ వచ్చి, ఏ కాగితం ఎప్పుడు కావాలో అక్కడి సంఘం చెప్పాకే పెట్టండి. టికెట్టు అన్నిటికంటే చివర.